సాగు సందేహాలు: ఏప్రిల్ నీటిని బట్టి ఫిబ్రవరి విత్తనం

శివరాత్రి దాటి చలి వెనక్కు తగ్గగానే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలన్నీ కూరగాయల వైపు మళ్లుతాయి. ఈసారి వచ్చినవాటిలో ఎక్కువ భాగం వరంగల్, హనుమకొండ, కరీంనగర్, ములుగు జిల్లాల నుంచి, రెండు మూడెకరాల లోపు భూమిలో పండించి తామే అమ్ముకునే రైతులు రాసినవి. ఒకే రకం ప్రశ్నలను కలిపి ఆరింటికి ఇక్కడ జవాబిస్తున్నాను.

ప్రశ్న: మాకు రెండెకరాల చెలక (తేలికపాటి ఎర్రనేల), ఒక్క బోరు ఉన్నాయి. ఈసారి వరి మానుకొని మొత్తం డ్రిప్‌తో కూరగాయలు వేద్దామనుకుంటున్నాం. ప్రస్తుతం బోరు బాగానే పోస్తోంది. ఏ పంట ఎంత వేయాలి?
– ఒక రైతు, హసన్‌పర్తి

జవాబు: మీరు ఏ పంట అని అడిగారు గాని, అంతకంటే ముందు తేలవలసింది ఎంత నేల అన్న సంగతి. ఇప్పుడు బోరు పోస్తున్న నీళ్లను చూసి విత్తనం వేసి, ఏప్రిల్‌లో సగం తోటను ఎండబెట్టుకున్న రైతులను నేను ఏటా చూస్తున్నాను. ఎండిపోయిన ఆ సగానికి పెట్టిన విత్తనం, ఎరువు, కూలి అంతా అప్పుగా మిగలడమే కాక, దాన్ని బతికించాలన్న ఆరాటంలో మిగతా సగానికి కూడా నీళ్లు చాలకుండా పోతాయి.

అందువల్ల ముందు బోరును కొలవండి. రెండు వందల లీటర్ల డ్రమ్మును పైపు కింద పెట్టి, మోటారు వేసిన వెంటనే కాకుండా కనీసం రెండు గంటలు నడిచిన తర్వాత, అది నిండడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడండి. 80 సెకన్లలో నిండితే గంటకు 9,000 లీటర్లు వస్తున్నట్టు లెక్క. అయితే ఇది ఫిబ్రవరి నీరు. గత రెండేళ్లలో ఏప్రిల్ చివర, మే మొదట్లో మీ బోరు, మీ పక్క రైతు బోరు ఎలా పోశాయో గుర్తు చేసుకోండి. సగానికి తగ్గిందంటే మీ పంటకు నిజంగా ఉన్నది గంటకు 4,500 లీటర్లే. ఆగకుండా ఆరు గంటలు నడిస్తే రోజుకు 27,000 లీటర్లు వస్తాయి.

ఇక పంట అవసరం చూద్దాం. ఎకరం మీద ఒక మిల్లీమీటరు నీరు నిలిపితే అది సుమారు 4,000 లీటర్లు. మే ఎండల్లో నిండుగా ఎదిగిన బెండ గాని, పందిరి నిండా అల్లుకున్న బీర గాని రోజుకు ఆరు మిల్లీమీటర్ల దాకా తాగుతుంది, అంటే ఎకరానికి రోజుకు 24,000 లీటర్లు. మీ రెండెకరాల ఆలోచనకు జవాబు ఈ లెక్కలోనే ఉంది. ఈ వేసవికి ఒక్క ఎకరం వేయండి. రెండో ఎకరాన్ని వదిలేసినట్టు అనుకోవద్దు. గొర్ల మంద దొరికితే ఎరువు కోసం నాలుగు రాత్రులు చేనులో కట్టించి, వేసవి వాన ఒకటి పడగానే లోతుగా దున్ని పెడితే, వానాకాలం మిర్చికో కూరగాయలకో అంతకంటే మంచి నేల ఉండదు.

డ్రిప్ వేసేటప్పుడు చాలామంది ఒక పొరపాటు చేస్తున్నారు. లైన్ల మధ్య 1.2 మీటర్లు, రంధ్రాల మధ్య 40 సెంటీమీటర్లు ఉండి, ఒక్కో రంధ్రం గంటకు 2 లీటర్లు వదిలే పైపు వేస్తే ఎకరానికి సుమారు 8,400 రంధ్రాలు వస్తాయి. అన్నీ సరిగా పారాలంటే గంటకు దాదాపు 17,000 లీటర్లు కావాలి. 9,000 లీటర్ల బోరుతో ఎకరం మొత్తాన్ని ఒకేసారి తెరిస్తే గేటువాల్వు దగ్గరి మొక్క తడుస్తుంది, లైను చివరి మొక్క వాడుతుంది. ఎకరాన్ని ఇప్పుడు రెండు భాగాలుగా, బోరు తగ్గినప్పుడు నాలుగు భాగాలుగా పారించుకునేటట్టు వాల్వులు మొదటే పెట్టించుకోండి. తర్వాత పైపు తవ్వి మార్చడం ఖర్చుతో కూడిన పని. నీరు తెల్లవారుజామున గాని, పొద్దు వాలాక గాని వదలండి. ఎందుకో తెలియాలంటే ఒక్కసారి మిట్టమధ్యాహ్నం వదిలి, చివరి రంధ్రం కింద అరచెయ్యి పెట్టి చూడండి. ఎండకు కాగిన నల్లపైపులోంచి మొదట వచ్చే నీరు చెయ్యి వెనక్కు తీసుకునేంత వేడిగా ఉంటుంది. లేత మొక్క మొదలుకు మనం ఇస్తున్నది అదే.

చెలక నీటిని ఎక్కువసేపు పట్టుకోదు కాబట్టి రోజూ కొద్దికొద్దిగా ఇవ్వాలి. రేగడి నేలలో రెండు మూడు రోజులకొకసారి ఇచ్చినా సరిపోతుంది గాని, నెర్రెలు బారేదాకా ఆగకూడదు. సాళ్ల మధ్య వరిగడ్డి పరిచితే తడి ఆరడం బాగా తగ్గుతుంది. మన ప్రాంతంలో కొయ్యకాళ్లను తగలబెడుతూ, అదే ఊళ్లో మల్చింగు షీటు కొనుక్కోవడం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది. చెలకల్లో గడ్డికి చెదలు పట్టే మాట నిజమే. గడ్డిని మొక్క మొదలుకు తగలకుండా జానెడు ఎడంగా వేసి, కింద తడి ఉండేటట్టు చూసుకుంటే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది.

ఆ ఎకరంలో ఏం వేయాలంటే, నా సలహా ఇది: పదిహేను గుంటల్లో (ఎకరానికి నలభై గుంటలు) పందిరి వేసి బీర, కాకర, పన్నెండు గుంటల్లో బెండ, అది కూడా పదిహేను రోజుల తేడాతో రెండు దఫాలుగా, ఎనిమిది గుంటల్లో గోకర (గోరుచిక్కుడు), మిగిలిన అయిదు గుంటల్లో ఆకుకూరలు. నీళ్లు మరీ తగ్గిననాడు మొదట గోకరకు తగ్గించండి, ఎందుకంటే వీటిలో నీటి ఎద్దడిని ఓర్చుకునే పంట అది. చివరిదాకా తగ్గించకూడనిది పిందె మీదున్న బీరకు.

ప్రశ్న: బీరతీగ బాగా పాకింది, పందిరంతా పసుపు పూలే, కాని కాయ లేదు. పడిన పిందెలు కూడా పసుపు పచ్చబడి రాలిపోతున్నాయి. యూరియా రెండుసార్లు వేశాం. ఏ మందు కొట్టాలి?
– ఒక రైతు, పరకాల

జవాబు: మందు డబ్బా పక్కన పెట్టి సాయంత్రం అయిదున్నరకు పందిరి కిందకు వెళ్లండి. బీరపువ్వు పొద్దున కాదు, పొద్దు వాలేటప్పుడు విచ్చుకుంటుంది. ఒకే కణుపు దగ్గర గెలలాగా గుత్తిగా వచ్చేవి మగపూలు. ఒంటరిగా, పువ్వు వెనక వేలెడంత పొడవైన సన్నటి పిందెతో ఉండేది ఆడపువ్వు. మొదటి పూత మగపూలతో మొదలవడం తీగజాతి లక్షణం కాబట్టి, పూత వచ్చి ఎనిమిది పది రోజులే అయివుంటే మీరు కంగారు పడవలసింది ఏమీ లేదు.

అంతకు మించి రోజులు గడిచినా ఆడపూలు కనిపించకపోతే, కారణం ఎక్కువ భాగం రెండింటిలో ఉంటుంది. మొదటిది ఎండ; వేడి పెరిగి, పగటి పొడవు పెరిగేకొద్దీ ఈ తీగలు మగపూలనే ఎక్కువ పూస్తాయి. జనవరి రెండో పక్షం నుంచి ఫిబ్రవరి చివరి లోపు విత్తుకోమని చెప్పడం వెనక ఉన్న కారణం ఇదే. రెండోది మీరే రాసిన యూరియా; నత్రజని ఎక్కువైతే తీగ, ఆకు, మగపూత పెరుగుతాయి గాని కాయ పెరగదు. ఇక యూరియా ఆపండి. మొక్క రెండు నుంచి నాలుగు ఆకుల దశలో ఉన్నప్పుడు లీటరు నీటికి 3–4 గ్రాముల బోరాక్స్ కలిపి పిచికారి చేస్తే ఆడపూలు పెరుగుతాయి. ఇప్పుడు మీ తీగకు ఆ దశ దాటిపోయింది, కాబట్టి ఈ మాట వచ్చే దఫాకు రాసిపెట్టుకోండి.

ఆడపూలు ఉండి కూడా పిందెలు రాలుతున్నాయంటే, పుప్పొడి అందడం లేదా లేక ఈగ కుడుతోందా అన్నది తేల్చుకోవాలి. ఇందుకు ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. సాయంత్రం విచ్చిన ఇరవై ఆడపూలను ఎంచుకొని, అప్పుడే విచ్చిన మగపువ్వును కోసి, రేకులు వెనక్కు మడిచి, మధ్యలోని పుప్పొడిని ఆడపువ్వు నడిమి భాగానికి మెల్లగా అద్ది, ప్రతి పిందె కాడకూ ఎర్రదారం కట్టండి. మూడు నాలుగు రోజుల తర్వాత దారం కట్టినవి లావెక్కి, కట్టనివి పసుపు పచ్చబడితే మీ తోటకు తేనెటీగలూ రెక్కల పురుగులూ రావడం లేదని అర్థం. అప్పుడు తప్పు మన చేతిలోనే ఉండే అవకాశం ఎక్కువ. పొద్దున విచ్చే దోస, కాకరలకు సాయంత్రం పిచికారి మంచిదని నేర్చుకున్న అలవాటుతో, సాయంత్రం విచ్చే బీర, సొర మీద కూడా అదే వేళకు మందు కొడుతున్నాం. పూత వచ్చిన బీర పందిరికి, తప్పనిసరైతే, బీరపూలు ముడుచుకొని ఉండే పొద్దుటి వేళ మాత్రమే పిచికారి చేయాలి.

దారం కట్టిన పిందె కూడా వంకరపోయి మెత్తబడితే దాన్ని నిలువునా చీల్చి చూడండి. లోపల తెల్లటి చిన్న పురుగులు కదులుతుంటే అది పండు ఈగ. దీనికి ఎరబుట్టలు పెట్టాలి గాని ఎర విషయంలో జాగ్రత్త అవసరం. కొన్నేళ్ల కిందట ఒక దుకాణంలో పండు ఈగ ఎర అని అడిగితే ఇచ్చిన బిళ్లలు తెచ్చి, మా పందిరికి నెలరోజులు వేలాడదీసి, బుట్టలో మా కూరగాయల ఈగ ఒక్కటీ పడకపోతే తోటలో ఈగ లేదనుకున్నాను. కాయలు మాత్రం కుళ్లుతూనే ఉన్నాయి. అది మామిడికి వాడే మిథైల్ యూజినాల్ అని తర్వాత తెలిసింది. తీగజాతి కూరగాయలను కుట్టే ఈగకు కావలసింది క్యూలూర్. కొనేటప్పుడు పొట్లం మీద ఆ పేరు చదివి తీసుకోండి, ఎకరానికి ఎనిమిది నుంచి పది బుట్టలు పెట్టండి. కుళ్లి రాలిన కాయలను గట్టు మీదికి విసిరేస్తే ఈగను మనమే పెంచినట్టవుతుంది. ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించి రెండు మూడు రోజులు ఎండలో పడేయండి. ఈగ కోశస్థదశ (పురుగు ఈగగా మారే దశ) పందిరి కింద మట్టిలోనే గడుస్తుంది కాబట్టి అక్కడ తేలిగ్గా తిరగదవ్వితే ఎండకే చాలా చస్తాయి. బూడిద తెగులు కనిపించిందని గంధకం మాత్రం కొట్టవద్దు, ఈ ఎండల్లో తీగ ఆకులు మాడిపోతాయి.

ప్రశ్న: బెండ విత్తి నెల కాలేదు, ఆకుల ఈనెలు పసుపురంగుకు తిరిగాయి. పక్క చేనులో ఇంకా పత్తికట్టె ఉంది. తగ్గే మార్గం ఉందా?
– ఒక రైతు, వర్ధన్నపేట

జవాబు: మీరు రాసినది పల్లాకు తెగులు, అది సోకిన మొక్క మళ్లీ పచ్చబడదు. ఇది చేదుమాటే అయినా ఇప్పుడు చెప్పకపోతే మీరు నాలుగు రకాల మందులకు డబ్బు పోస్తారు. ఇది వైరస్, తెల్లదోమ ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు మోస్తుంది. నెల లోపు సోకిన మొక్క నుంచి కాయ దాదాపు ఆశించలేం, ఆలస్యంగా సోకితే నష్టం తక్కువ. కాబట్టి మీ శ్రమంతా మొదటి నెల, నెలా పదిహేను రోజులు మొక్కను కాపాడడం మీదే ఉండాలి.

పసుపు తిరిగిన మొక్కలను ఈ రోజే పీకి, సంచిలో వేసుకొని తోట బయట పూడ్చండి. గట్ల మీది తుత్తురబెండ కలుపును కూడా పీకేయండి. పక్క చేనులోని పత్తికట్టె మీరు అనుమానించినట్టే తెల్లదోమకు నిలయం. పత్తి, బెండ ఒకే కుటుంబానికి చెందినవి, వాటి పురుగులూ చాలావరకు ఒకటే. కట్టె తీసేయమని ఆ రైతును అడగండి, అది పత్తిలో గులాబీరంగు పురుగు బెడద తగ్గడానికి ఆయనకు కూడా మేలే. పసుపురంగు జిగురు అట్టలు మొక్క తల ఎత్తున పెట్టి, లీటరుకు 5 మి.లీ. వేపనూనె కలిపి ఆకు అడుగుభాగం తడిసేటట్టు పిచికారి చేయండి, దోమ ఉండేది అక్కడే.

వచ్చే దఫాకు తెగులును తట్టుకునే రకం ఎంచుకోండి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క అనామిక ఒకప్పుడు ఇందుకు పేరుపొందింది గాని, ఇప్పుడు చాలాచోట్ల దానికీ తెగులు సోకుతోంది కాబట్టి మీ మండలంలో గత వేసవిలో ఏ రకం నిలిచిందో చూసి కొనడం మేలు. వేసవిలో మొక్క పెద్దగా ఎదగదు, అందుకే 45 సెంటీమీటర్ల సాళ్లలో 15–20 సెంటీమీటర్ల ఎడంతో దగ్గరగా విత్తాలి. మామూలు రకాలైతే ఎకరానికి 7–8 కిలోల విత్తనం పడుతుంది. విత్తడానికి రెండు మూడు వారాల ముందే చేను చుట్టూ మూడు నాలుగు సాళ్ల జొన్న వేస్తే దోమకూ వడగాలికీ అడ్డుగా నిలుస్తుంది.

ఒక్క మాట మనవి చేస్తాను. బెండ రోజు విడిచి రోజు కోసే పంట. నిన్న కొట్టిన మందు రేపటి అంగడిలో ఎవరి పిల్లల పళ్లెంలోకో వెళుతుంది. కోతలు మొదలయ్యాక గాఢమైన పురుగుమందు కొట్టడం కంటే పది మొక్కలు పోగొట్టుకోవడం మంచిదని నేను నమ్ముతాను.

ప్రశ్న: మే నెలలో కొత్తిమీరకు మంచి ధర ఉంటుందని వేస్తే మొలకే రావడం లేదు.
– ఒక పాఠకురాలు, హుజూరాబాద్

జవాబు: ధనియాలను చెప్పుతో మెల్లగా రుద్ది రెండు బద్దలుగా చేసి, 12 గంటలు నానబెట్టి, నీడలో ఆరబెట్టి విత్తండి. పైన పలచగా వరిగడ్డి కప్పి, మొలక కనిపించిన సాయంత్రమే తీసేయండి. ఆలస్యమైతే మొలకలు పాలిపోయి వాలిపోతాయి. యాభై శాతం నీడనిచ్చే షేడ్‌నెట్ లేకుండా మే ఎండలో కొత్తిమీర నిలవడం కష్టం, నిలిచినా తొందరగా పూతకు వస్తుంది. నెట్ కింద రెండేసి గుంటల చొప్పున వారానికొకసారి విత్తండి. నెట్ పెట్టుకోలేకపోతే దాని జోలికి పోకుండా తోటకూర, పుంటికూర (గోంగూర), బచ్చలి, గంగవాయిలి వేయండి, ఇవి ఎండను ఓర్చుకుంటాయి.

ప్రశ్న: మార్చిలో టమాట నాటితే జూన్ ధర అందుతుందా? ఇంకొక బాధ, మా ఊళ్లో కోతులు ఏ పంటనూ బతకనివ్వడం లేదు.
– ఒక రైతు, ములుగు

జవాబు: మార్చిలో నాటవద్దు. 2023 జూలైలో కిలో వంద రూపాయలు దాటిన ధర అందరికీ గుర్తుంది, అది చూసే చాలామంది ఈ ప్రయత్నం చేస్తున్నారు. కాని మార్చి నారు ఏప్రిల్ చివర పూతకు వస్తుంది. అప్పటికి మన దగ్గర పగలు నలభై డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి తగ్గదు. పుప్పొడి చచ్చి పూత ఎండి రాలిపోతుంది. మొక్క పచ్చగానే ఉంటుంది, కాయే ఉండదు. ఆ నేలను, నీళ్లను బెండకో గోకరకో ఇచ్చి, మే చివర షేడ్‌నెట్ కింద టమాట నారు పోసుకొని తొలకరికి నాటండి.

కోతుల విషయంలో పూర్తి పరిష్కారం ఉందని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టలేను. మన ఉత్తర తెలంగాణ ఊళ్లలో కూరగాయల సాగు తగ్గడానికి కూలి కొరత ఎంత కారణమో కోతులు అంత కారణం. కాకర, పచ్చిమిర్చి, పుంటికూరలను అవి పెద్దగా ముట్టవు, కాబట్టి అడవి వైపు ఆ మూడింటినీ వేసి, బీర, దోస ఇంటి వైపు, మనిషి అలికిడి ఉండే చోట వేయండి. చుట్టూ మక్క (మొక్కజొన్న) వేయకండి, అది వాటిని పిలిచినట్టే. అడ్డుగా వేసిన జొన్నను కూడా కంకి రాకముందే పశువుల మేతకు కోసేయండి. నలుగురైదుగురు రైతులు తమ కూరగాయల మళ్లను పక్కపక్కనే పెట్టుకొని వంతుల వారీగా కాపలా కాయడం వల్ల నిలబడిన తోటలను నేను చూశాను; ఒక్కడే రోజంతా కాయడం ఎవరి వల్లా కాదు.

ప్రశ్న: రాత్రి కోసి తెల్లవారి హనుమకొండ రైతుబజారుకు తెస్తున్నాను. బెండకాయలు మచ్చలు పడుతున్నాయి, బీరకాయ అంచులు నల్లబడుతున్నాయి, తోటకూర వడిలిపోతోంది. నీళ్లు చల్లుతూనే ఉన్నాను.
– ఒక అమ్మకందారు, ధర్మసాగర్

జవాబు: అమ్మా, మీరు చల్లుతున్న నీళ్లు తోటకూరకు మేలు, బెండకు కీడు. తడిసిన బెండకాయ సంచిలో వేడెక్కి నల్లమచ్చలు తేలుతుంది, దాన్ని పూర్తిగా పొడిగా ఉంచాలి. 1999లో రైతుబజార్లు మొదలైనప్పటి నుంచీ నేరుగా కొనేవారికి అమ్మే రైతుకు ఉన్న బలం తాజాదనమే కాబట్టి, వీలైతే రాత్రి కోత మానుకోండి. పొద్దంతా ఎండలో కాగిన కాయ రాత్రి ఎనిమిదికి కోసినా లోపల వేడిగానే ఉంటుంది. తెల్లవారుజామున మూడున్నరకు తలకు లైటు కట్టుకొని ముందు బెండ, బీర కోయండి, ఆకుకూరలు చివర పీకండి. తప్పక రాత్రే కోయవలసి వస్తే సంచుల్లో కుక్కకుండా చెట్టు కిందో వసారాలోనో పలచగా పరచి, తెల్లవారాక సర్దండి.

బీరకాయ నల్లబడేది రాపిడి వల్ల. సంచి మాని ట్రేలో అడుగున బీరాకులనో, గోనెపట్టానో పరిచి, కాయలను ఒకే వైపు తొడిమలు వచ్చేటట్టు వరుసగా పేర్చి, రెండు వరుసల మధ్య మళ్లీ ఆకు వేయండి. తోటకూర కట్టల వేళ్లను మట్టిపోయేదాకా నీటిలో ముంచి తీసి, తడి గోనెసంచిలో నిలబెట్టి తెండి. బజారులో కూడా అన్ని కట్టలూ ఒక్కసారే బయట పరచకుండా, అమ్ముడైన కొద్దీ పదేసి తీస్తూ ఉంటే పది గంటలకు వచ్చిన వారికి కూడా ఆరు గంటల కూరే దొరుకుతుంది.